మినిట్స్‌లో లేనిది

హెలెనాలో శాసనసభ
రెండేళ్ళకోసారి, తొంభై రోజులు.
మిగతా కాలమంతా సభ్యులు
గోధుమ చేలకీ, పంటి డాక్టరు కుర్చీలకీ, వేలం షెడ్లకీ తిరిగిపోతారు.
ఆర్డిస్ హోవ్‌లాండ్ స్కూలు బస్సు దగ్గరికి పోయేది.

నేను గ్రాంట్ల కమిటీ గుమాస్తాని.
పేరు పిలవాలి, జవాబు రాయాలి.
ఔను. కాదు. గైర్హాజరు.
నాలుగో గడి లేదు ఆ కాగితంలో.

మొదటి జనవరి, మంచు బూట్లతోనే సభలోకి వచ్చేసింది.
ముదురెరుపు తివాచీ మీద తడి అడుగులు
ఆమె కుర్చీ దాకా పోయి ఆగాయి.
సాయంత్రం లాబీ వాళ్ళు మాంసం ముక్కలు కాల్చి పిలిస్తే
రుమాల్లోంచి రెండు ఉడికిన గుడ్లు తీసి
కాగితం పొట్లం విప్పింది.
ఎవరి ఉప్పూ తినకూడదని
తన ఉప్పు తనే తెచ్చుకున్న మనిషి.

ఆమెకి కావలసింది ఒకటే.
పాల నది మీద వంతెన.
(పేరుకే పాలు. చూస్తే చల్లారిన టీ, అనేది తనే.)
పాత చెక్క వంతెన దగ్గర బోర్డు: ఏడు టన్నులు మించరాదు.
అంచేత పిల్లలు దిగాలి.
ఫిబ్రవరి గాలిలో, ఒకరి కోటు ఒకరు పట్టుకుని
పందొమ్మిది మంది నడిచి దాటాలి.
వెనక ఖాళీ బస్సు, నెమ్మదిగా,
తప్పు చేసిన గేదెలా.
అవతల మళ్ళీ లెక్కపెట్టుకోవాలి, ఎక్కించుకోవాలి.

మొదటి సభలో బిల్లు మా కమిటీలోనే చచ్చింది.
రెండోసారీ అంతే, కాకపోతే మర్యాదగా.
మూడోసారి రెండు సభలూ దాటి గవర్నరు బల్ల చేరింది.
ఆయన కలం ఒక్క గీత గీసింది.

నాలుగోసారి, చట్టం ప్రకారం అదే ఆఖరిసారి,
ఛైర్మన్ బ్రానిగన్ నీళ్ళ కుళాయి దగ్గర ఆపాడు.
"వంతెన ఉంటుంది ఆర్డిస్.
చిన్న ఆసుపత్రుల గ్రాంటు ఉండదు.
ఒక్క ఓటు తక్కువైంది నాకు."
గ్లాసు నింపుకుంటూ విన్నాను. వినడం నా పని కాదు.

"హోవ్‌లాండ్?" అని పిలిచాను.

గోడ గడియారం ముల్లు పదకొండు గళ్ళు నడిచింది.
ఆవిరి గొట్టం టక్కుమంది.
ఆమె అరచేతిలో గుడ్డు పెంకు,
దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తోంది.

"ఔను."

తొమ్మిది, ఎనిమిది. రాశాను.
పదకొండు సెకన్లు ఎక్కడ రాయాలో తెలీలేదు.

ఆ శరదృతువులోనే, మూడొందల మైళ్ళ అవతల,
డెల్‌బీ అనే ఊళ్ళో పురుటి వార్డుకి తాళం పడింది.
మార్చిలో ఒకావిడ
పికప్ ట్రక్కు ముందు సీట్లో కనింది,
ఆసుపత్రికి ఇంకా నలభై మైళ్ళు ఉండగా.
బిడ్డ బతికింది.
పేపర్లో అంతవరకే రాశారు.

నా ఉద్యోగం ముగిశాక ఒక అక్టోబరులో వెళ్ళాను.
డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉంచింది నాకోసం.
వంతెన ఎప్పుడొచ్చిందో పిల్లలెవరికీ తెలీలేదు.
ఒకడు పెన్సిలు కోసం ఇంకొకడి చెవి పట్టుకుని ఉన్నాడు.
టైర్ల చప్పుడు కాసేపు మారింది, అంతే.
ఎండ అడ్డం రేకుకి రబ్బరు బ్యాండుతో
పసుపెక్కిన పేపరు ముక్క.
నేను అడగలేదు.

"మంచి వంతెన, నీవా," అంది అద్దంలోంచి,
"కాదనలేను."

ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు రాజకీయుల్ని.
ఈవిడ రోజుకి రెండుసార్లు దాటుతుంది
తెప్పని తలకెత్తుకుని.

చివరి పిల్లని దింపాక ఇంజను ఆపింది.
గాలి బస్సుని కొద్దిగా ఊపుతోంది.
రుమాలు విప్పి ఒక గుడ్డు నాకిచ్చింది,
పొట్లం నా వైపు జరిపింది.

అద్దుకుని తిన్నాను.